ఎత్తునకు సున్న ఎక్కడ?

నర్సీపట్నం నుండి చింతపల్లి వెళ్ళే బస్సు లంబసింగి ఘాటు ఎక్కి పోవాలి. శీతకాలపు మంచు చూడబోయేవారికి ఆ దారి పరిచితమే. లంబసింగి సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్నది; నర్సీపట్నం కొండల పాదాన ఉన్నది. రెంటికీ నడుమ భేదం, లెక్క సులభమగుటకై, 900 మీటర్లు అనుకొందాము. బస్సు జనంతో సహా 10 టన్నులు.

ఘాటు పైనున్న బస్సుకు స్థితిశక్తి ఎంత? దీనికి ఎదురు ప్రశ్నయే సమాధానం: ఎక్కడినుండి కొలిచి? నర్సీపట్నాన్ని సున్న అనుకొంటే 8 కోట్ల 82 లక్షల జౌళ్ళు. సముద్రమట్టం సున్న అయితే మరికొంత ఎక్కువ. లంబసింగియే సున్న అయితే పైన ఏమీ లేదు; నర్సీపట్నం చేరేసరికి ఋణసంఖ్య వస్తుంది. ఋణం కనబడగానే విద్యార్థులు బెదరి కొట్టివేస్తూ ఉంటారు. బావినీటిని నేలకు ఇన్ని బారల దిగువ అనటం లేదా? ఇదీ అంతే.

గతిశక్తి సంగతి వేరు. గంటకు 36 కిలోమీటర్ల వేగాన పోయే ఈ బస్సుకు అది 5 లక్షల జౌళ్ళు. మట్టం ఎక్కడ పెట్టినా అంతే. (బస్సులో కూర్చున్నవారికి మాత్రం బస్సు కదలనే లేదు! కాని అది చూచేవారి చలనాన్ని బట్టి వచ్చిన మార్పు, మట్టాన్ని బట్టి కాదు.)

మూడు లెక్కలలోనూ మారనిది ఎగువ దిగువల భేదం. బస్సు అదే వేగంతో క్రిందికి చేరిందంటే, ఆ 8 కోట్ల 82 లక్షల జౌళ్ళూ బ్రేకులలో, ఇంజనులో, గాలిలో వేడిగా మారి తీరాలి. ఏ అడ్డూ లేకపోతే, పైన నిలిచియున్న బస్సు అడుగుకు వచ్చేసరికి వేగం గంటకు 480 కిలోమీటర్లకు చేరువవుతుంది! తెలిసిన డ్రైవరు చిన్న గేరులో దిగి, బ్రేకులమీది భారం ఇంజనుకు పంచుతాడు. మన సున్నను ఎటు జరిపినా ఆ భారం ఒక్క జౌలు కూడా తగ్గదు. ఒకే లెక్కలో సగం ఒక సున్ననుండి, సగం మరొక సున్ననుండి కొలిస్తే మాత్రం చిక్కే.

విద్యుత్తు ఇంజనీర్లకూ ఈ భేదమే ధనం. 1955లో ఆరంభమైన మాచ్‌ఖండ్ కేంద్రానికి, టర్బైనులు దాటిన నీటిమట్టమే సున్న. అక్కడికి దాని పని ముగిసింది. ఆ నీరే సీలేరై దిగివచ్చి ఎగువ సీలేరులో ఒకసారి, దిగువ సీలేరులో ఇంకొకసారి టర్బైనులను త్రిప్పి, ఆపైన శబరిలో కలుస్తున్నది.