హాజరు పట్టీ నేర్పిన లెక్క

 

నేను డేటాబేస్‌ల మీద పనిచేసే ఇంజనీరును. ఆ పనిలో మొదటి పాఠం మన బడి హాజరు పట్టీలోనే ఉంది. మధ్యలో కొత్త పిల్లవాడు చేరితే మాస్టారు పేర్లన్నీ మొదటి నుంచి సరిచూడరు. ఆ నంబరు ఇంకెవరికైనా ఉందా, మొత్తం ఒకటి పెరిగిందా అని మాత్రం చూస్తారు.

తర్కం మీద నడిచే డేటాబేస్‌లోనూ ఇంతే. అందులో వాస్తవాలతో పాటు నియమాలూ ఉంటాయి. ‘మల్లాం చిట్టమూరు మండలంలోది’, ‘ఆ మండలం నెల్లూరు జిల్లాలోది’ అన్నవి వాస్తవాలు. ‘మండలం ఏ జిల్లాదైతే దాని ఊళ్లూ ఆ జిల్లావే’ అన్నది నియమం. మల్లాం జిల్లా ఏదో విడిగా రాయనక్కర్లేదు, కంప్యూటరే తేల్చుకుంటుంది. ‘ఏ ఊరికీ రెండు జిల్లాలు ఉండరాదు’ అన్నది కట్టుబాటు.

2022 ఏప్రిల్ 4న మన మండలం తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. కొత్త వాస్తవం రాసి, పాతది తీసేయడం మరిచారనుకోండి. తప్పు ఒక్కటే, కానీ మండలంలోని ప్రతి ఊరికీ రెండు జిల్లాలు వచ్చిపడతాయి. దాన్ని పట్టుకోవడానికి రాష్ట్రమంతా వెతకాలా? అక్కర్లేదు. మారిన వాస్తవం దగ్గర మొదలుపెట్టి, నియమాల వెంట వెళ్లి, అది తాకిన ఊళ్లను చూస్తే చాలు. మార్పు తాకిన మేరకే కట్టుబాట్లను సరిచూసే పద్ధతిని 1982లో నికొలా అనే ఫ్రెంచి శాస్త్రవేత్త వివరించారు. తర్వాత లాయిడ్, టోపర్, కొవాల్‌స్కీ వంటివారు దాన్ని నియమాలున్న డేటాబేస్‌లకు విస్తరించారు.

అయితే దీనికొక షరతు ఉంది. మార్పుకు ముందు లెక్కంతా సరిగా ఉండాలి.

మా ఇంట్లో జరిగిందే చెబుతాను. 2 ఎకరాల 40 సెంట్లలో ఎకరా అమ్మాం. కొన్నాయన పేరున ఎకరా ఎక్కింది, మా పేరున 2.40 అలాగే ఉండిపోయింది. ఆ రోజు ఆ ఒక్క సర్వే నంబరు కూడి చూసినా దొరికిపోయేది. ఎవరూ చూడలేదు. తర్వాత రాసినవాళ్లు తమ మార్పు వరకే చూసుకున్నారు. కొన్నాయన బ్యాంకు అప్పుకు వెళ్లినప్పుడు గాని అది బయటపడలేదు. డబ్బిచ్చి కొన్న నేల తనదేనని చెప్పుకోవడానికి ఆయన రెండు పంటల కాలం తిరిగాడు.

2020 డిసెంబరులో రాష్ట్రంలో రీసర్వే మొదలైంది. పునాది లెక్కను మళ్లీ కొలవాలన్న ప్రయత్నమే అది.

మా మాస్టారు నెలాఖరున పట్టీ అడ్డంగా, నిలువుగా కూడి, రెండూ కలిశాకే సంతకం పెట్టేవారు. ఆ సంతకం ఉంది కనుకే మరుసటి నెల మారినచోట చూస్తే సరిపోయేది.