తగిన సలహాదారు
(సూళ్లూరుపేట గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయమునకు వచ్చినవారు తమకు కావలసిన పుస్తకమునే అడిగి తీసికొందురు. మనసు క్రుంగినపుడు మాత్రము మనము ఎదురైన ప్రతివాని సలహాను వినుచుందుము. నా మిత్రుడొకడు రెండేండ్లు నిద్రలేక బాధపడెను. "ధైర్యముగా నుండు" మని నేను చెప్పుచుంటిని. అతనికి కావలసినది వైద్యమని ఆలస్యముగా తెలిసికొంటిని. పిమ్మట అతడు కోలుకొనెను. గాని ఆ రెండేండ్లు తిరిగి రావు.

కావున అవసరమును బట్టి మనిషిని ఎన్నుకొనవలెను. మందు అవసరమైనచో మానసిక వైద్యుడు. మాటల ద్వారా చికిత్స కావలసినచో క్లినికల్ సైకాలజిస్టు. ఆయన పేరు భారత పునరావాస మండలి పట్టికలో నమోదై యుండవలెను. కుటుంబ కలహము, చదువు దిగులు వంటివానికి శిక్షణ పొందిన కౌన్సెలరు చాలును. "మీ అర్హత ఏమి? నా మాట బయటికి పోదు గదా?" అని అడుగుటకు సంకోచింపవలదు. కొన్ని సందర్భములలో తప్ప, గోప్యత రోగి హక్కని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చెప్పుచున్నది. ఒకరితో మనసు కుదరనిచో వేరొకరి కడకు పోవుట తప్పు గాదు.

ఎవరిని అడుగవలెనో తోచనివారికి, 2022లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ కలదు. 14416కు ఫోను చేసినచో, రుసుము లేకుండ, రేయింబవళ్ళు, తెలుగుననే మాట్లాడవచ్చును. మన చెంగాలమ్మ గుడి రాత్రివేళను మూయబడదు గదా! అర్ధరాత్రి దిగులు కలిగినవారికి ఇదియు అట్లే తెరచియున్న వాకిలి. మీ ఇంట ఎవరైన మౌనముగా క్రుంగుచున్నచో, నావలె ఆలస్యము చేయవలదని ప్రార్థించుచున్నాను.