గిటారు పలుకు ఎచ్చటిది?

వీణ నెరిగిన వారికి గిటారు బొత్తిగా కొత్త వస్తువు కాదు. దండి, మెట్లు, తంత్రులు, లోపల బోలుగా నుండు పొట్ట రెండింటికిని కలవు. అయితే తంత్రిని మీటినపుడు మనము వినునట్టి పలుకు ఆ పొట్టలో ఏ భాగమున పుట్టుచున్నది? ఈ ప్రశ్నకు స్పెయిను దేశపు వడ్రంగి యొకడు 1862లో చేతిపనితో చెప్పిన సమాధానమును శ్రోతలకు విన్నవింపదలచితిమి.

పదునారవ శతాబ్దినాటి గిటారు చిన్నది. దానికి నాలుగు వరుసల తంత్రులే యుండెడివి. పిమ్మట ఐదు వరుసలయ్యెను. పదునెనిమిదవ శతాబ్ది చివరకు జంట తంత్రులు పోయి ఆరు ఒంటి తంత్రులు వాడుకలోనికి వచ్చెను. అయినను దాని నాదము చిన్న గదికి చాలునే గాని పెద్ద సభకు చాలదు.

నాదమును పెంచుటలో చిక్కొకటి కలదు. శ్రుతి చేసిన తంత్రులన్నియు కలిసి, నేటి నైలాన్ తంత్రుల గిటారులో, సుమారు 40 కిలోల బలముతో పై పలకను లాగుచుండును. పలక మందమైనచో ఆ లాగుడున కోర్చును, కాని కదలదు, కదలనిది పలుకదు. పలుచనైనచో చక్కగా పలుకును, కాని వంగును, పగులును.

ఈ చిక్కును విప్పినవాడు ఆంటోనియో డి టోరెస్. ఇతడు 1817లో ఆల్మేరియా చెంత జన్మించెను. సెవిల్ నగరమున గిటారులు చేసెను. పొట్టను పెద్దది చేసి, పై పలకను పలుచన చేసి, దాని అడుగున సన్నని కొయ్యబద్దలను విసనకర్ర పుల్లలవలె పరచి అతికెను. బద్దల పద్ధతి పూర్వులకును తెలిసినదే. దానికి సరియైన పాళము కుదిర్చిన ఘనత మాత్రము ఇతనిది. మీటబడు తంత్రి పొడవు ఇతని గిటారులలో సుమారు 65 సెంటీమీటర్లు. నేటికిని అదియే వాడుకలో నున్నది.

పలుకు ప్రధానముగా పై పలకదేయని టోరెస్ నమ్మకము. దానిని రుజువు చేయుటకు 1862లో వెనుకభాగమును, ప్రక్కలను కాగితపు అట్టతో చేసి, పై పలకను మాత్రము కొయ్యతో అమర్చి ఒక గిటారును నిర్మించెను. అది మూగపోలేదు. ఇప్పుడది బార్సిలోనా సంగీత ప్రదర్శనశాలలో నున్నది. వెనుకటి కొయ్య వ్యర్థమని దీని యర్థము కాదు. రోజ్‌వుడ్ అని పిలువబడు మన దక్షిణదేశపు ఇరుగుడు కొయ్యకు ఆ పనిలో నేటికిని ఆదరము కలదు. అది నాదమునకు వన్నె తెచ్చును. ప్రాణము మాత్రము పై పలకయే.

ఇంతటి పనివాడును 1870 ప్రాంతమున స్వస్థలమునకు మరలి పింగాణి సామానుల అంగడి పెట్టెను. కొన్ని యేండ్లకు మరల ఉలి చేపట్టి, 1892లో మరణించువరకు విడువలేదు. అతడు 1864లో చేసిన గిటారుపై ఫ్రాన్సిస్కో టారెగా పలికించిన సంగీతము ఆ పనితనమును లోకమునకు చాటెను.

కావున మీ పిల్లలకు గిటారు కొనునపుడు మెరుగును, నగిషీని చూచి మోసపోవలదు. నడుమ నున్న గుండ్రని రంధ్రపు అంచును పరికింపుడు. పైనున్న కొయ్య చారలు అంచులోనికిని దిగినచో అది ఒకే కొయ్యపలక. పొరలు పొరలుగా కనబడినచో అతుకుల పలక. టోరెస్ అట్టతో చెప్పిన పాఠము అంగడిలో మనకు ఉపయోగపడునది ఇచ్చటనే.