నేను తప్పు చెప్పిన జవాబు

(మన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



80, 90 దశకాల వినోదాలు, విశేషాల గురించి నన్నొక పావుగంట మాట్లాడమన్నారు. అందులో మొదటి రెండు నిమిషాలు ఒక క్షమాపణకు వాడుకుంటాను. ఎందుకో పోయిన సంవత్సరం ఈ హాల్లో ఉన్నవారికి తెలుసు. లేనివారికి చెబుతాను.

పోయినేడు భోజనాలకు ముందు కాలక్షేపంగా ఒక క్విజ్ పెట్టుకున్నాం. ప్రశ్నలు తయారు చేసింది నేను, అడిగింది నేను, తీర్పు చెప్పిందీ నేనే. బహుమతి స్టీలు టిఫిన్ క్యారియరు. ఆఖరి ప్రశ్న ఇది: మన ఊళ్లకు దూరదర్శన్‌ను తెచ్చిపెట్టిన ఇన్సాట్-1బి ఉపగ్రహాన్ని ఎక్కడి నుంచి ప్రయోగించారు? మన సభ్యులొకరి మనవరాలు, ఎనిమిదో తరగతి పాప, చెయ్యెత్తి "అమెరికా నుంచి, తాతయ్యా" అంది. నేను నవ్వాను. "శ్రీహరికోటను పక్కన పెట్టుకొని అమెరికా దాకా ఎందుకు పోతామమ్మా?" అన్నాను. హాలంతా చప్పట్లు. పాప కూర్చుండిపోయింది. క్యారియరు "శ్రీహరికోట" అన్న పెద్దమనిషికి వెళ్లింది.

మర్నాడు పాప తాతగారు నాకు ఫోను చేశారు. కోప్పడలేదు. "ఒకసారి చూసుకో" అని మాత్రం అన్నారు. చూసుకున్నాను. పాప చెప్పిందే నిజం. 1983 ఆగస్టు 30న ఫ్లోరిడా నుంచి లేచిన ఛాలెంజర్ అనే అమెరికా స్పేస్ షటిల్ ఇన్సాట్-1బిని మోసుకెళ్లింది. దాని అన్నగారు ఇన్సాట్-1ఎ కూడా 1982 ఏప్రిల్‌లో అమెరికా నుంచే వెళ్లి, కొద్ది నెలలకే పనికిరాకుండా పోయింది. 1992లో వెళ్లిన ఇన్సాట్-2ఎ మనవాళ్లే తయారు చేసుకున్నది. అయినా అది ఎగిరింది దక్షిణ అమెరికాలోని ఫ్రెంచి గయానా నుంచి. ఆ రోజుల్లో శ్రీహరికోట నుంచి వెళ్లినవి చిన్నవి. 1980 జూలై 18న ఎస్‌ఎల్‌వి-3 మోసుకుపోయిన రోహిణి బరువు 35 కిలోలు. ఇన్సాట్-1బి టన్నుకు పైమాటే. పైగా 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉండాల్సిన వస్తువు. ఆ దారిన మన కోట నుంచి మొదటి జీఎస్‌ఎల్‌వి లేచింది 2001 ఏప్రిల్ 18న.

మరి నేనంత ధీమాగా తప్పెలా చెప్పాను? ఆలోచిస్తే తెలిసింది. మిద్దెక్కి రాకెట్టు చూసింది నిజం. కింద హాల్లో టీవీ చూసింది నిజం. ఈ రెండింటినీ కలిపి కుట్టింది నేను. ఇది నా ఒక్కడికే ఉన్న జబ్బు కాదని అప్పటి చప్పట్లను బట్టి తెలుస్తున్నది.

అందుకని ఈసారి చెప్పేవి సరిచూసుకొని చెబుతున్నాను. సరిచూసుకుంటుంటే ఇంకో సంగతి బయటపడింది. మనవలు ఫోనుల్లో చూపిస్తుంటారే, "ఆ కాలం వాళ్లకే తెలిసిన విశేషాలు" అని, అవి చాలావరకు మన తీరానివి కావు. "తెలుగువారందరూ శాంతి స్వరూప్ గారి వార్తలతో పెరిగారు" అంటారు. మహానుభావుడు, 1983 నవంబరు 14న హైదరాబాదు దూరదర్శన్‌లో తొలి తెలుగు వార్తలు చదివారు. 2024 ఏప్రిల్‌లో కాలం చేశారు. కాని ఆ నవంబరు సాయంత్రం సూళ్లూరుపేటలోనో, తడలోనో టీవీ ఉన్న ఇంట్లో వినబడింది తెలుగు కాదు, తమిళం.

నేను తపాలా శాఖలో పనిచేసినవాణ్ణి. ఏ ఇంట్లో ఏముందో మాకు తెలిసేది. ఎందుకంటే రేడియోకు, టీవీకి లైసెన్సు ఉండేది, ఆ రుసుము కట్టేది పోస్టాఫీసులోనే. రేడియోకు ఏడాదికి 15 రూపాయలు, టీవీకి 50. చిన్న పుస్తకం, అందులో స్టాంపులు అంటించి ముద్ర కొట్టి ఇచ్చేవాళ్లం. 80ల నడుమ ఆ లైసెన్సులు ఎత్తేశారు. పిల్లలకు చెబితే నమ్మరు, పాట వినడానికి సర్కారు అనుమతా అని. గడువు దాటిన పుస్తకం తెచ్చి, "సెట్టు చెడిపోయింది సార్, ఏడాదిగా మోగలేదు" అనేవారు. వారింటి మీదుగా నేను రోజూ పాటలు వింటూనే ఆఫీసుకు వచ్చేవాణ్ణి.

రేడియో సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. సిలోన్ స్టేషన్‌లో మీనాక్షి పొన్నుదురై గారి గొంతు విన్నవాళ్లు ఈ హాల్లో సగం మంది ఉంటారు. 1972లోనే అది శ్రీలంక బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్ అయింది. మనకు మాత్రం సిలోనుగానే ఉండిపోయింది. విజయవాడ వివిధ భారతి జనరంజనికి కార్డులు రాసేవారి చేతిరాతలు నేను గుర్తుపట్టేవాణ్ణి. ఒక కార్డు మీద పాట పేరు ఒక మూల, పేర్లు మాత్రం ఇరవై. చిన్న అక్షరాలతో వీధి మొత్తాన్నీ ఎక్కించేవారు.

ఇక టీవీ. మద్రాసు కేంద్రం 1975 ఆగస్టు 15న మొదలైంది. సూళ్లూరుపేట వాళ్లకు మామూలు యాంటెన్నా చాలేది. గూడూరు వచ్చేసరికి ఇనప పైపు మీద పైపు బిగించి, బూస్టరు పెట్టి, దక్షిణం వైపు తిప్పాలి. నెల్లూరులో అయితే అదృష్టం. మిద్దె మీద ఒకడు పైపు తిప్పుతుంటాడు, వాకిట్లో ఒకడు, లోపల ఒకడు. "వచ్చిందా?" "బొమ్మ వచ్చింది, మాట రాలా!" "ఇప్పుడు?" "మాటొచ్చింది, బొమ్మ పాయె!" కాకి వాలితే ఒక చిత్రం, లేస్తే ఒక చిత్రం. నేనున్న ఊళ్లో గాలివాన వస్తున్నదంటే పడవలు ఒడ్డుకు లాగేవాళ్లు లాగుతుంటే, యాంటెన్నాలు దించేవాళ్లు దించుతుండేవారు.

శుక్రవారం రాత్రి 'ఒళియుం ఒలియుం' సినిమా పాటలు. తమిళంలో ఒళి అంటే వెలుగు, ఒలి అంటే చప్పుడు. తేడా అంతా ళకు, లకు మధ్యనే. ఈ ముక్క నాకు చెప్పింది మా ఆవిడ. ఆమె తమిళం నేర్చుకున్నది ఏ పంతులు దగ్గరా కాదు, శుక్రవారం పాటల దగ్గరే. మద్రాసు ఆసుపత్రికి వెళ్లినప్పుడు నాకు దుబాసీ ఆమే.

1984లో దేశమంతటా నాలుగు నెలల పాటు సగటున రోజుకొకటి చొప్పున చిన్న ట్రాన్స్‌మిటర్లు పెట్టారు. ఇన్సాట్-1బి పైనుంచి పంపింది కింద పట్టుకొని చుట్టుపక్కల ఊళ్లకు పంచడం వాటి పని. అవి పంచింది ఢిల్లీ కార్యక్రమాలు. అంటే మన తీరం తమిళంలోంచి హిందీలో పడింది. ఆదివారం మధ్యాహ్నం ప్రాంతీయ భాషా చిత్రాల్లో తెలుగు వంతు ఎప్పుడొస్తుందా అని చూసిన రోజులు మీకు జ్ఞాపకం ఉండే ఉంటాయి. దూరదర్శన్ తెలుగు ఉపగ్రహ ఛానలు 1993 ఏప్రిల్ 2న వచ్చింది. ఈటీవీ 1995 ఆగస్టు 27న. అంతదాకా మనలో చాలా ఇళ్లలో టీవీకి తెలుగు సరిగ్గా రాలేదు. తెలుగు కావాలంటే రేడియో, లేదంటే సినిమా హాలు.

అలాగని చూడటం మానామా? 1987 జనవరి 25న రామానంద్ సాగర్ గారి రామాయణం మొదలైంది. ఆదివారం పొద్దున తొమ్మిదిన్నర. మా హాలు పదడుగులకు పన్నెండు. వాకిట్లో చెప్పులు వీధిలోకి పోయేవి. మా అత్తగారికి హిందీ ముక్క రాదు. పక్కన కూర్చున్న పిల్లలకు వచ్చే వారం కథ కూడా ముందే చెప్పేసేది. "అవ్వా, ఉండవ్వా!" అని వాళ్ల గోల. 'రుకావట్' అని బోర్డు పడితే అది హనుమంతుడి అలకే అనేది ఆమె. 1988 జూలైలో పట్టాభిషేకమై మొదటి భాగం ముగిసింది. అక్టోబరు 2న బి.ఆర్. చోప్రా మహాభారతం అందుకుంది. లాక్‌డౌన్‌లో, 2020 మార్చి 28 నుంచి, రామాయణం మళ్లీ వేశారు. అప్పుడు మా హాల్లో చూసింది మేమిద్దరమే.

నా వృత్తికి సంబంధించిన విశేషం ఒకటి చెప్పకుండా ముందుకు పోలేను. 90లలో దూరదర్శన్‌లో 'సురభి' వచ్చేది. సిద్ధార్థ్ కాక్, రేణుకా శహాణే నడిపేవారు. వారానికొక ప్రశ్న, జవాబు కార్డు మీద రాసి పంపాలి. ఒక్క వారంలో 14 లక్షలకు పైగా ఉత్తరాలు వచ్చి లిమ్కా రికార్డుల పుస్తకంలోకి ఎక్కింది. కార్డు ధర 15 పైసలు. దాన్ని మన ఊరి పెట్టెలోంచి తీసి, ముద్రకొట్టి, రైలెక్కించి ఢిల్లీ చేర్చడానికి శాఖకయ్యే ఖర్చు అంతకు చాలా రెట్లు. చివరికి తపాలా శాఖ పోటీల కోసమే వేరే కార్డు వేసింది, రెండు రూపాయలకు. ఒక టీవీ కార్యక్రమం పోస్టుకార్డు ధర మార్చిందంటే మాటలా!

ముత్తుకూరు వైపు నేను పనిచేసినప్పుడు పదమూడేళ్ల పిల్లవాడొకడు ప్రతి వారం కార్డు కొనేవాడు. వాళ్ల నాయన వేటకు పోయేవాడు. రెండు రూపాయల కార్డు వచ్చిన వారం కౌంటరు దగ్గర నిలబడి చేతిలో చిల్లర లెక్కపెట్టుకొని, "పాత కార్డు మీద రాస్తే తీసుకోరా సార్?" అన్నాడు. నిబంధన నిబంధనే. ఆ తరువాత వాడు రాలేదు. బహుమతి మాత్రం, నేనెరిగినంతవరకు, మా డెలివరీ పరిధిలో ఎవరికీ రాలేదు. అయినా ఇన్నేళ్లకు, పాప చెయ్యెత్తిన తరువాత, నాకు ఆ పిల్లవాడు గుర్తుకొచ్చాడు.

ఇంతసేపూ బయటినుంచి మనకు వచ్చినవి చెప్పాను. మన జిల్లా నుంచి బయటికి పోయినవి కూడా కొన్ని చెప్పాలి. 2022లో తిరుపతి జిల్లాలో కలిసిన సూళ్లూరుపేట దగ్గరి మంగళంపాడు వారు ఆచార్య ఆత్రేయ. 1978లో 'మరోచరిత్ర'కు పాటలు ఆయనవే. బాలచందర్ గారు అదే కథను 1981లో హిందీలో 'ఏక్ దూజే కే లియే'గా తీస్తే, అందులో పాడినందుకు మన నెల్లూరు బాలసుబ్రహ్మణ్యం గారికి జాతీయ పురస్కారం వచ్చింది. అది ఆయనకు రెండోది; మొదటిది 'శంకరాభరణం'. మొత్తం ఆరు, నాలుగు భాషల్లో. 1989లో 'మైనే ప్యార్ కియా' వచ్చినప్పుడు హిందీ రాని కుర్రాళ్లు కూడా ఆ పాటలు పాడుకుంటూ తిరిగారు. అదే 'ప్రేమ పావురాలు'గా తెలుగులోకి వస్తే అందులోనూ ఆ గొంతే. ఆత్రేయ గారు ఆ ఏడాదే సెప్టెంబరు 13న వెళ్లిపోయారు. 1996లో ఈటీవీలో 'పాడుతా తీయగా' మొదలయ్యాక, తప్పు పాడిన పిల్లల్ని బాలు గారు చిన్నబుచ్చకుండా ఎలా దిద్దేవారో మీరంతా చూశారు. పోయినేడు క్విజ్‌లో ఆ పద్ధతి నాకెందుకు గుర్తురాలేదో! తిప్పరాజువారి వీధిలోని తమ ఇంటిని 2020 ఫిబ్రవరిలో వేదపాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చారు. అదే సంవత్సరం సెప్టెంబరు 25న ఆయన లేరన్న వార్త విన్నాం.

సింగీతం శ్రీనివాసరావు గారు కూడా మన జిల్లా వారే. 1987లో ఆయన తీసిన 'పుష్పక విమానం'లో మాటలే లేవు. తెలుగులో ఆ పేరు, కన్నడంలో 'పుష్పక విమాన', తమిళంలో 'పేసుం పడం', అంటే మాట్లాడే బొమ్మ. ఇటు తెలుగు, అటు తమిళం, టీవీలో హిందీ వింటూ తికమకపడిన మన తీరం వాళ్లకు దుబాసీ అక్కరలేని సినిమా అదొక్కటే అని నేను పరాచికానికి అంటుంటాను. మా ఆవిడ మాత్రం ఆ రోజు కూడా నాకు చెవిలో ఏదో వివరిస్తూనే ఉంది.

అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. ముగిస్తాను. టిఫిన్ క్యారియరు కొత్తది ఒకటి తెచ్చాను. ఇది నా సొంత డబ్బుతో కొన్నది, సంఘం ఖాతాలో రాయవద్దని కోశాధికారి గారికి మనవి. పోయినేడు గెలిచిన పెద్దమనిషి పాతది తిరిగి ఇచ్చేస్తానన్నారు. వద్దన్నాను; తప్పు ఆయనది కాదు. పాప ఇప్పుడు తొమ్మిదో తరగతి. ఈసారి ప్రశ్నలు తనే తయారు చేసుకొచ్చింది. తీర్పు చెప్పే పని నాకివ్వలేదు, చివరి వరుసలో కూర్చోమంది.

రామ్మా, ముందు ఇది అందుకో. తరువాత మొదటి ప్రశ్న అడుగు.