మన చలికి జాంబీలు గడ్డకడతాయా?

2021లో 'జాంబీ రెడ్డి'తో రాయలసీమలో జాంబీలను చూసేశాం. అవే జనవరి రాత్రి మన చిక్కడపల్లిలో దిగితే? చలికి బిగుసుకుపోతాయా?

లాజిక్ సింపుల్. మన ఒంట్లో వేడి సుమారు 37 డిగ్రీలు. తిన్న తిండిని ఖర్చు పెట్టి, వణికి మరీ ఒళ్లు దాన్ని కాపాడుకుంటుంది. జాంబీ అంటే శవం కదా, సొంత వేడి ఉండదు. బయట ఎంతుంటే లోపలా అంతే. చికాగోలో మైనస్ 20కి పడిపోయిన రోజు ఒంట్లో నీళ్లన్నీ ఐస్ అయి, రాయిలా నిలబడిపోతుంది.

కానీ ఐస్ కావాలంటే సున్నా కిందికి పోవాలి. మన దగ్గర జనవరి తెల్లవారుజామున కూడా మామూలుగా 10, 15 మధ్యే. నారాయణగూడ ఫ్లైఓవర్ మీద జాంబీ హాయిగా తిరుగుతుంది. పైగా చల్లదనానికి కుళ్లడం కూడా స్లో. దానికి అసలు విలన్ మే నెల ఎండ!

మరి చలితో డేంజర్ ఎవరికి? బతికున్నవాళ్లకే. ఒంటి వేడి 35 కిందికి పడితే హైపోథర్మియా. దానికి మంచు కురవక్కర్లేదు. 10 డిగ్రీల చలి, తడిబట్టలు, గాలి చాలు.

సెంట్రల్ లైబ్రరీ నుంచి అశోక్‌నగర్ రూముకు పోతుంటే, ఫుట్‌పాత్ మీద పడుకున్నవాళ్లు కనిపిస్తారు. ఒక దుప్పటి ఇవ్వండి. ఎవరికైనా మాట తడబడుతూ, మత్తుగా ఉండి, వణుకు కూడా ఆగిపోతే తాగారనుకుని వెళ్లిపోకండి. 108కి కాల్ చేయండి.