ఆడపిల్లల సంగీతానికి మన ఉపకార వేతనం
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల బిల్లుల గురించి పెద్దలు ఇప్పటికే సవివరంగా మాట్లాడారు. నాకిచ్చిన పది నిమిషాలలో మన సంఘ నిధికి సంబంధించిన ఒక్క విషయం మనవి చేస్తాను. మన ఊరి బాలికోన్నత పాఠశాలలో సంగీతం నేర్చుకునే పిల్లలకు ఉపకార వేతనం ఇవ్వాలన్న ప్రతిపాదన ఈనాడు మన ముందున్నది. "ఉన్న చదువులకే దిక్కు లేదు, సంగీతానికి డబ్బెందుకు?" అని కొందరు మిత్రులు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. నాకు తోచిన సమాధానం చెబుతాను.

విజయనగరంలో 1919లో మహారాజా విజయరామ గజపతి రాజు గారు సంగీత కళాశాల నెలకొల్పారు. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి తొలి అధ్యక్షులు. 1936లో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఆ బాధ్యత స్వీకరించారు. ఘంటసాల గారు చదివింది అక్కడే. చేతిలో పైసా లేక, జోలె పట్టి మధూకరంతో కడుపు నింపుకొని, పట్రాయని సీతారామశాస్త్రి గారి వద్ద సంగీతం నేర్చుకున్నారన్నది మనందరం విన్నదే. పి.సుశీల గారు ఆ ఊరి ఆడపడుచే, ఆ కళాశాల విద్యార్థినే.

ఇక్కడ ఒక్క క్షణం ఆలోచించండి. మగపిల్లవాడు ఇల్లు విడిచి, వీధి వీధి తిరిగి అన్నం అడుక్కొని అయినా విద్య నేర్చుకోగలిగాడు. ఆడపిల్లకు ఆ దారి కూడా లేదు. ఇంటివారు పంపితేనే, గురువుకు జీతం కడితేనే ఆమెకు పాఠం. ఎన్ని మంచి గొంతులు వంటింటి గడప దాటలేదో ఏ రిజిస్టరులోను నమోదు కాలేదు. అందుచేత ఆడపిల్లకు బడిలోనే పాఠం, దానికి తోడు ఉపకార వేతనం, రెండూ ఉండాలని నా అభిప్రాయం.

నేను సర్వీసులో చాలా ఏళ్లు ఉపకార వేతనాల ఫైళ్లు చూసినవాణ్ని. ఒక ఏడాది తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతెకు వీణ నేర్చుకోవడానికి సాయం మంజూరైంది. బిల్లు పై కార్యాలయం నుండి చిన్న అభ్యంతరంతో రెండుసార్లు తిరిగి వచ్చింది. రెండుసార్లూ అదే రోజు సమాధానం రాసి పంపాము. ఈలోగా మార్చి 31 దాటింది, నిధులు మురిగిపోయాయి. మరుసటి ఏడాది మళ్లీ మంజూరయ్యేసరికి ఆ అమ్మాయి బడి మానేసింది. ఆ సొమ్ము వాపసు జమ చేసే చలానా రాసింది ఈ చేతులతోనే.

మన సంఘానికి బడ్జెట్ మురిగిపోయే భయం లేదు. కనుక నావి నాలుగు సూచనలు.

ఒకటి: ఏడాదికోసారి శాలువా కప్పి బహుమతి ఇవ్వడం కాదు, నెలనెలా ఇవ్వాలి. గురువు జీతం, బస్సు ఛార్జీ, తెగిన తీగ, పరీక్ష రుసుము అన్నీ నెలల లెక్కన వచ్చే ఖర్చులే.

రెండు: అసలు ముట్టుకోకుండా, డిపాజిట్ మీది వడ్డీతోనే నడపాలి. ఇద్దరికి సరిపోతే ఇద్దరికే ఇద్దాము. మధ్యలో ఆపడం కంటే అది మేలు.

మూడు: లెక్కల మార్కులు చూసి కాదు, సంగీతం టీచరు పాట విని ఎంపిక చేయాలి. మనం ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చినట్టే, ప్రధానోపాధ్యాయిని గారు హాజరు పత్రం ఇస్తే చాలు, కొనసాగించాలి.

నాలుగు: కేంద్ర ప్రభుత్వ సంస్థ సి.సి.ఆర్.టి. 10 నుండి 14 ఏళ్ల పిల్లలకు కళలలో ఉపకార వేతనాల పథకం 1982లో ప్రారంభించింది. అటువంటి వాటికి అర్జీ పెట్టాలంటే అప్పటికే గురువు దగ్గర నేర్చుకుంటూ ఉండాలి. ఆ మొదటి మెట్టు ఎక్కించడం మన పని. అర్జీలు నింపడమంటారా, ఈ హాలులో ఉన్నంత అనుభవం మరెక్కడ దొరుకుతుంది?

ఈ పిల్లలందరూ సుశీల గారంతటి వారు కానక్కరలేదు. ఒకరు రేపు సంగీతం టీచరై తన జీతం తాను తెచ్చుకున్నా, ఒకరు తన బిడ్డకు సరళీ స్వరాలు చెప్పుకున్నా మన సొమ్ము వృథా కానట్టే. నెలనెలా పింఛను మన చేతికి అందితే కలిగే ధైర్యం ఎలాంటిదో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. ఆ ధైర్యంలో పిసరంత ఇద్దరు ఆడపిల్లలకు పంచుదామని కోరుతూ, ఈ తీర్మానాన్ని బలపరచవలసిందిగా ప్రార్థిస్తూ సెలవు తీసుకుంటున్నాను.