చేరుట వేరు, చదువబడుట వేరు



సుక్మా జిల్లాలోని దోర్నపాల్ నుండి కుంట మీదుగా చింతూరు చేరు త్రోవ తెలుగువారికి క్రొత్తది కాదు. అచ్చటి తెలుగు కుటుంబమొకటి బిడ్డ చదువునకై తెలుగున వ్రాసిన అర్జీని ఈమెయిలుకు జతచేసి హైదరాబాదునకు పంపినదనుకొందము. పాత తెలుగు ఫాంటులలో మన అక్షరములు ఇంగ్లీషు అక్షరముల సంఖ్యల చాటున నిలిచియుండును. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరచినచో అర్థములేని గుర్తులే కనబడును. ఇంతలో గడువు దాటిపోవును.

1991లో వెలువడిన యూనికోడ్ తెలుగు అక్షరములకు సొంత సంఖ్యల నొసగినది. కావున యూనికోడులో వ్రాసి, ఫాంటును తనలో ఇముడ్చుకొను పీడీఎఫ్‌గా మార్చి పంపుట మేలు. అవతలివారు దిద్దవలసినదైనచో మూలప్రతిని గూడ జతపరుపవలెను. చదువరికి అందిననాడే గదా ఉత్తరము చేరినట్లు!